రెండు కాలేజీలు ఒకటైనప్పుడు మా పొద్దుటి సెక్షన్

మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక నేరేడ్‌మెట్‌లో మా చర్చి ఆవరణలో ఒకమ్మాయి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. ఒక డిగ్రీ కాలేజీలో కొత్తగా లెక్చరర్‌గా చేరిన పిల్ల. వాళ్ళ కాలేజీని ఇంకో పెద్ద కాలేజీలో కలిపేస్తున్నారట. అది విన్నప్పటి నుంచీ నిద్ర లేదంది. "ఆంటీ, మీ కాలేజీని కూడా ఇలాగే కలిపారంట కదా! నా సర్వీసు లెక్కలోకి వస్తుందా? వాళ్ళ కింద పనిచెయ్యాలా? అసలు ఉద్యోగం ఉంటుందా, ఊడుతుందా?" అని గుక్క తిప్పుకోకుండా అడిగింది.

"ఉంటుందమ్మా, నీ ఉద్యోగానికేం కాదు" అన్నాను. ఆ పిల్ల ముఖం తేటపడింది. నేను మాత్రం ఇంటికొచ్చి కాగితాలు ముందేసుకుని కూర్చున్నాను. తను అడిగిన ప్రశ్నలన్నీ ఒకప్పుడు మేమూ అడిగాం. అడగాల్సిన ప్రశ్న మేమూ అడగలేదు, తనూ అడగలేదు. ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చేవాళ్ళకు పనికొస్తుందేమోనని ఆ సంగతి రాసిపెడుతున్నాను.

నేను సికింద్రాబాద్‌లో ఆడపిల్లల డిగ్రీ కాలేజీలో కామర్స్ చెప్పి రిటైరైనదాన్ని. మాది తెనాలి దగ్గర. నాన్నగారి రైల్వే ఉద్యోగం మమ్మల్ని ఇక్కడికి తెచ్చి పడేసింది, ఇక్కడే వేళ్ళూనుకున్నాం. కాలేజీలో అందరికీ నేను రూతు మేడమ్‌ని. నా ప్రమోషన్లు, ఇంక్రిమెంట్లు, అందుకున్న శాలువాల సంగతి ఇందులో ఉండదు. శాలువాలు బీరువాలో ఉన్నాయి, చలికాలం ఒకటో రెండో పనికొస్తున్నాయి.

ఆరున్నర క్లాసు

మా కాలేజీ రెండు పూటలా నడిచేది. పది గంటలకు మొదలయ్యేది అసలు కాలేజీ. దానికి ముందు, ఆరున్నర నుంచి తొమ్మిది దాకా పొద్దుటి సెక్షన్ ఉండేది. పగలు ఎక్కడో ఒకచోట పనిచేసుకుంటేనే గాని ఇల్లు గడవని ఆడపిల్లల కోసం, మాకన్నా ముందుతరం వాళ్ళెవరో పుణ్యం కట్టుకుని పెట్టారు. బట్టల షాపుల్లో చీరలు పరిచే పిల్లలు, మందుల షాపుల్లో చేసేవాళ్ళు, నర్సింగ్ హోముల్లో రిసెప్షన్‌లో కూర్చునేవాళ్ళు, టైలరింగ్ చేసేవాళ్ళు వచ్చేవారు. షాపు వాళ్ళిచ్చిన యూనిఫారాల్లోనే వచ్చేవారు, ఇంటికెళ్ళి మార్చుకునే వ్యవధి ఉండదు గనక. టిఫిన్ క్యారియర్లు వరండా మెట్లమీద వరసగా పెట్టి క్లాసులోకి వచ్చేవారు. తొమ్మిదయ్యేసరికి గేటు బయట షేర్ ఆటోలు వచ్చి ఆగేవి, ఆ పది నిమిషాలూ చేపల మార్కెట్టే.

ఆ సెక్షన్‌లో ఒక ఆచారం ఉండేది. ఎవరు పెట్టారో తెలీదు, ఎక్కడా రాసి లేదు. క్లాసులో నిద్రపోయిన పిల్లను ఎవ్వరూ లేపకూడదు. పక్కనున్న పిల్ల తన నోట్సుతో పాటు ఆమె నోట్సు కూడా రాసిపెట్టాలి. చెప్పేవాళ్ళు చివర్లో పాఠం మొత్తం మళ్ళీ ఒకసారి క్లుప్తంగా చెప్పాలి, అప్పటికి లేచినవాళ్ళ కోసం. కొత్తగా వచ్చిన లెక్చరర్లకు ఇది మింగుడుపడేది కాదు. మా ఎకనామిక్స్ సూర్యారావు గారు వాళ్ళకు నచ్చజెప్పేవారు. ఆయనది శ్రీకాకుళం జిల్లా, ఆడపిల్లల కాలేజీలో ఉన్న నలుగురైదుగురు మగ లెక్చరర్లలో ఒకరు. "ఏటండీ బాబూ, మీ పాఠానికి నిద్దరొచ్చిందనుకుంటన్నారా? ఆలు పాఠం కోసం నిద్దర మానుకొచ్చినోలండీ. కూసింతసేపు పడుకోనియ్యండి" అనేవారు.

మా ప్రిన్సిపాల్ విమలా మేడం పది గంటల క్లాసుకి నిమిషం ఆలస్యమైతే గేటు మూయించే మనిషి. పొద్దుటి సెక్షన్‌లో మాత్రం ఏడుంబావుకి వచ్చిన పిల్లను కూడా పలకరించి లోపలికి పంపేది. ఇదేం న్యాయం మేడం అని ఒకసారి అడిగాను. "వాళ్ళకి ఆలస్యమేంటి రూతూ! ఇక్కడికొచ్చేసరికే సగం రోజు పని అయిపోయుంటుంది" అంది. నేను చూసిన పై అధికారులందరిలోనూ విద్యార్థుల్ని నిజంగా ప్రేమించింది ఆవిడే. ఇది గుర్తుపెట్టుకోండి. తర్వాత జరిగింది చదివి ఆవిణ్ణి చెడ్డమనిషి అనుకోవద్దు.

ఆ సెక్షన్‌లో స్వరూప అని ఒక పిల్ల ఉండేది. వాళ్ళమ్మ మోండా మార్కెట్‌లో ఆకుకూరలు అమ్మేది. ఈ పిల్ల ఆ పక్క సందులోనే స్టీలు సామాను షాపులో సేల్స్ గర్ల్. మొదటి బెంచీలో కూర్చుని మొదటి పది నిమిషాల్లోనే నిద్రపోయేది. నిద్రపోవాలనుకున్నప్పుడు వెనక బెంచీలో కూర్చోవచ్చు కదే అన్నాను నవ్వుతూ.

"ఎనకకు కూసుంటే మీరు మర్శిపోతరు మేడం. ముంగట ఉంటే నేను లేశినంక మల్ల చెప్తరు" అంది.

షాపులో పొద్దుట్నుంచి రాత్రిదాకా నిలబడే ఉండాలట. గిరాకీ లేకపోయినా కూర్చోనివ్వరట. "డిగ్రీ అయితే బేగంపేటల ఏదన్న ఆఫీసుల జేర్త మేడం. గా కుర్సీల కూసోని జేశే పని. గంతే, ఇంకేం వద్దు" అనేది. డిగ్రీ గురించి అంత చిన్న కోరిక, అంత గట్టి కోరిక నేనింకెవరి దగ్గరా వినలేదు. తెలివైనదని చెప్పను. ఫస్టియర్‌లో రెండు పేపర్లు తప్పింది, మళ్ళీ రాసి గట్టెక్కింది. జూన్ వస్తే ఫైనలియర్.

అత్తగారెవరు, కోడలెవరు

అవి ఊరంతా కంప్యూటర్ జపం చేస్తున్న రోజులు. ఎవరింట్లో చూసినా ఏదో ఒక కోర్సు పేరే. అమీర్‌పేట గోడల మీద కోచింగ్ పోస్టర్లు తప్ప ఖాళీ లేదు. మా కాలేజీలో హిస్టరీ, తెలుగు సీట్లు మిగిలిపోతున్నాయి. మమ్మల్ని నడిపే సొసైటీ వాళ్ళకే మేడ్చల్ దారిలో ఇంకో కాలేజీ ఉంది. కొత్తది. అద్దాల భవనం, అన్నీ కంప్యూటర్ కోర్సులు, కుర్ర లెక్చరర్లు. రెంటినీ కలిపి ఒకే సంస్థ చేస్తే పేరూ వస్తుంది, గుర్తింపూ వస్తుందని సొసైటీ పెద్దలు తీర్మానించారు.

ఆ కబురు వచ్చిన రోజు స్టాఫ్‌రూమ్‌లో టీ కప్పులు చల్లారిపోయాయి. మొదట నోరు విప్పింది సూర్యారావు గారే. "ఇంతకీ మనం అత్తగారి వైపా, కోడలి వైపా? అది తేలితే గానీ నాను టీ ముట్టనండి."

అందరూ నవ్వారు గాని అదే అందరి ప్రశ్న. ఆ తర్వాత నెలల తరబడి స్టాఫ్‌రూమ్‌లో వేరే మాట లేదు. బోర్డుమీద ఎవరి కాలేజీ పేరు ముందుంటుంది? రెండుచోట్లా కామర్స్ ఉంటే హెడ్ ఎవరు? మన సర్వీసుకి వాళ్ళ పీహెచ్‌డీలు అడ్డమొస్తాయా? మన పిల్లల వయసున్నవాళ్ళకి లేచి నిలబడాలా? ఒకావిడ రోజూ మధ్యాహ్నం కాసేపు కళ్ళనీళ్ళు పెట్టుకునేది, టైముకి మందు వేసుకున్నట్టు. నేనేం తక్కువ తినలేదు. మా డిపార్ట్‌మెంట్ హెడ్‌గా నా కుర్చీ పోతుందని ఇంట్లో చెప్పి చెప్పి మా ఆయన చెవులకు తూట్లు పొడిచాను.

అవతలి వాళ్ళ భయాలు నాకు తర్వాతెప్పుడో తెలిశాయి. అక్కడి కుర్ర లెక్చరర్ ఒకమ్మాయి నాకు బాగా దగ్గరైంది. "మేడం, మీరంతా వచ్చి మా నెత్తినెక్కి కూర్చుంటారని మేం ఏడ్చాం. మీ కాలేజీకి మేం పెట్టుకున్న పేరు పెద్దమ్మల కాలేజీ" అని చెప్పి పడీపడీ నవ్వింది. అంటే రెండువైపులా కోడలి ఏడుపే. అత్తగారు ఎవరూ లేరు.

ఇప్పుడు ఆలోచిస్తే ఒళ్ళు మండేది ఎక్కడంటే, అన్ని నెలల చర్చలో ఒక్క రోజు, ఒక్కళ్ళం కూడా పొద్దుటి సెక్షన్ మాట ఎత్తలేదు. అది పోతుందని మాకు తట్టనే లేదు. మా కుర్చీలు కదులుతాయి గాని కాలేజీ ఎక్కడికి పోతుంది అనుకున్నాం.

అతిథులు వచ్చిన రోజు

మా గదులు, ల్యాబులు, క్లాసులు నడిచే తీరు చూడ్డానికి అవతలి కాలేజీ నుంచి ఒక కమిటీ వస్తుందని చెప్పారు. ఆ కమిటీకి పెద్ద, ఆ కాలేజీ డీన్ రఘురాం గారు. ట్రాఫిక్ పెరగకముందే ఎనిమిదింటికల్లా వచ్చేస్తామని కబురు పంపారు.

విమలా మేడం స్టాఫ్ అందర్నీ కూర్చోబెట్టింది. ఎవరెవరు ఏమేం వండుకురావాలో ముందు తేలింది. మా కాలేజీలో అదొక పద్ధతి, బయటివాళ్ళు ఎవరొచ్చినా హోటల్ తిండి పెట్టం, తలా ఒక గిన్నె తెస్తాం. నా వంతు గోంగూర మాంసం. ఆ తర్వాత ఆవిడ అంది: "ఆ రోజు పొద్దుటి పిల్లలకి సెలవిచ్చేద్దాం. ముందురోజు కడిగించిన వరండాలు అలాగే ఉంటాయి."

సూర్యారావు గారు అడిగారు. "పిల్లలకి సెలవిచ్చేసి ఆలకేటి సూపిస్తామండీ, గోడలా?"

"అది కాదు సూర్యారావు గారూ. వాళ్ళొచ్చే టైముకి ఆ క్యారియర్లూ, ఆ యూనిఫారాలూ, ఆ ఆటోల గోలా చూస్తే ఇదేదో ట్యుటోరియల్ అనుకుంటారు. మొదటిసారి మన గడప తొక్కుతున్నారు. కొంచెం పొందిగ్గా కనబడాలి కదా?"

సూర్యారావు గారు తలూపారు. "అదీ నిజవేలెండి" అన్నారు. తర్వాత, చేపలు తను తెస్తానన్నారు. మిగతా వాళ్ళెవ్వరం పల్లెత్తు మాట అనలేదు. అనడానికి ఏముంది? పెళ్ళివారొస్తున్నారంటే ఉతకని బట్టలు లోపల గదిలో పడేస్తాం. అంతకన్నా ఎక్కువ ఆలోచించలేదు. ఆ పిల్లల్ని మేం ప్రేమించాం, వాళ్ళ కోసం చీకట్లో లేచి వచ్చాం, వాళ్ళంటే కొంచెం సిగ్గుపడ్డాం కూడా. ఈ రెండూ ఒకే మనిషిలో పక్కపక్కన ఉండగలవని నాకు అప్పుడు తెలీదు.

సెలవని చెప్పగానే పిల్లలు చప్పట్లు కొట్టారు. స్వరూప మాత్రం, "ఎందుకు మేడం? ఎవరస్తున్నరు?" అంది.

"పెద్దవాళ్ళమ్మా. కాలేజీ చూడ్డానికి."

"మేమున్నప్పుడు సూస్తె ఏమైతది?"

"నీకెందుకే, హాయిగా పడుకోరాదూ ఒక్క రోజు!" అన్నాను. నవ్వేసింది.

ఆ రోజు అంతా మేం అనుకున్నట్టే జరిగింది. వరండాలు ఫినాయిల్ వాసనేస్తూ అద్దంలా ఉన్నాయి. బెంచీలు వరసగా ఉన్నాయి. గేటు దగ్గర ఒక్క ఆటో లేదు. రఘురాం గారు చాలా మర్యాదస్తుడు, నలభై దాటని మనిషి. గది గదికీ వెళ్ళి చూశారు. "బ్యూటిఫుల్ బిల్డింగ్ మేడం. సిటీ మధ్యలో ఇంత సైలెన్స్! రూమ్స్ అన్నీ ఎంత బాగా మెయింటెయిన్ చేస్తున్నారు" అన్నారు. మేం పొంగిపోయాం. "క్లాసెస్ పదింటికి స్టార్ట్ అవుతాయా?" అని అడిగారు.

"రెగ్యులర్ క్లాసులు పదింటికే సార్" అంది విమలా మేడం.

అందులో అబద్ధం లేదు. పొద్దుటి సెక్షన్ ఒకటుందని చెప్తే వాళ్ళేరీ అంటారు. ఏరీ అంటే ఏం చెప్పాలి? ఆవిడ ఫిల్టర్ కాఫీ అందించింది. మధ్యాహ్నం భోజనాల దగ్గర రఘురాం గారు గోంగూర మాంసం రెండుసార్లు వడ్డించుకున్నారు. ఆ సాయంత్రం మేమందరం కూర్చుని, సంబంధం బాగానే కుదిరేట్టుంది, మనుషులు మంచివాళ్ళే అని తృప్తిపడ్డాం.

బస్సు ఇస్తాం

నిర్ణయాలు వేసవి సెలవులకు ముందే వచ్చాయి. మా భయాలేవీ నిజం కాలేదు. అందరి సర్వీసూ లెక్కలోకి వచ్చింది. నా హెడ్ కుర్చీ నాకే ఉంది. చివర్లో ఒక ముక్క ఉంది. సిటీ క్యాంపస్‌లో పొద్దున వాడకంలో లేని కింది అంతస్తు గదులు సాఫ్ట్‌వేర్ శిక్షణకు ఇస్తున్నారు. పొద్దుటి సెక్షన్‌లో కొత్త అడ్మిషన్లు ఉండవు, ఉన్నవాళ్ళను పది గంటల కాలేజీలో కలపాలి.

వాడకంలో లేని గదులు! విమలా మేడం ఆ మాట రెండుమూడుసార్లు పైకి చదివింది. మర్నాడే ఆవిడా, సూర్యారావు గారూ, నేనూ మేడ్చల్ దారి పట్టాం.

రఘురాం గారు లేచి నిలబడి మమ్మల్ని కూర్చోబెట్టారు. విమలా మేడం ఆ పిల్లల సంగతంతా చెప్పింది. నేనెప్పుడూ వినలేదు ఆవిడ అలా మాట్లాడగా. ఎవరెక్కడ పనిచేస్తారో, పదింటికి వాళ్ళెందుకు రాలేరో, పేరుపేరునా చెప్పింది. ఆయన శ్రద్ధగా విన్నారు. విన్నాక అన్నారు: "మేడం, మీ రికార్డ్స్‌లో ఆ సెక్షన్ ఉందని మాకు తెలుసు. కాగితం మీద మాత్రమే నడిచే సెక్షన్లు చాలా కాలేజీల్లో చూశాం. మేం వచ్చిన రోజు ఎనిమిదింటికి బిల్డింగ్‌లో ఒక్క స్టూడెంట్ కనబడలేదు. తప్పుగా అనుకోవద్దు."

"ఆ రోజు మేమే సెలవిచ్చాం సార్" అంది విమలా మేడం.

"ఎందుకండీ?"

ఆయన వెటకారంగా అడగలేదు. నిజంగానే తెలీక అడిగారు. విమలా మేడం పైట సర్దుకుంది. నాకేసి చూసింది. నేను సూర్యారావు గారికేసి చూశాను. ప్రతిదానికీ ఒక మాట సిద్ధంగా ఉండే మనిషి, చెప్పులు చూసుకుంటున్నాడు. మీరొస్తున్నారని వాళ్ళను కనబడకుండా పంపేశాం సార్ అని ఏ నోటితో చెప్తాం?

మా ముగ్గురి ముఖాలూ చూసి ఆయనకు జాలేసినట్టుంది. అప్పటికే ఆ గదులకు ఒప్పందం అయిపోయిందన్నారు. "ఒక పని చేద్దాం. సెక్షన్ క్లోజ్ చెయ్యం. ఇక్కడికి షిఫ్ట్ చేద్దాం. పొద్దున మీ గేటు దగ్గర్నుంచి బస్సు ఇస్తాం, ఫ్రీగా. మళ్ళీ బస్సులోనే దింపేస్తాం. ఓకేనా మేడం?"

మేం ఎగిరి గంతేసినంత పనిచేశాం. చేతులెత్తి దండం పెట్టాం. తిరిగొస్తూ ప్యారడైజ్ దగ్గర ఆగి ఇరానీ చాయ్ తాగాం. విమలా మేడం కళ్ళు మూసుకుని రెండు మాటలు ప్రార్థన కూడా చేసింది. ఏళ్ళ తరబడి ఆ పిల్లలు ఎన్నింటికి లేస్తారో, ఎన్నింటికి పరిగెత్తుతారో చూసినవాళ్ళం, ఆ దారి వెంట వస్తూ కూడా టైము లెక్క వేసుకోలేదు. క్లాసులో నేను శుభవార్త అని మొదలుపెడితే స్వరూపే అడిగింది.

"వాపస్ ఎప్పుడొస్తం మేడం?"

"పదిన్నర అలా."

తొమ్మిదిన్నరకు షాపులు తెరుస్తారు. ఆ సంగతి నాకు తెలియక కాదు.

"మేమే వచ్చి గా సార్లతోని మాట్లాడ్తం మేడం. నలుగురం వస్తం, పొద్దుగాలనే పోయొస్తం. మమ్ముల సూస్తె సుత సమజ్ కాదా వాళ్ళకు?" అంది స్వరూప.

ఆ మాట విమలా మేడమ్‌కి చేరవేశాను. "వద్దు రూతూ. ఇప్పుడు మళ్ళీ అడిగితే ఇచ్చిన బస్సు కూడా తీసేస్తారు" అంది. రెండోసారి కూడా ఆ పిల్లల్ని మేం వాళ్ళ కంట పడనివ్వలేదు.

కొత్తవాళ్ళకు నాలుగు ముక్కలు

కాలేజీలు కలిశాక మా బతుకులు బాగానే సాగాయి. అవతలి కుర్ర లెక్చరర్లు నాకు కంప్యూటర్ నేర్పారు, నేను వాళ్ళకు క్లాసులో గొంతు పోకుండా మాట్లాడ్డం నేర్పాను. రఘురాం గారు మా పెద్దవాడి పెళ్ళికి కుటుంబంతో వచ్చారు. మధ్యాహ్నం ఏడ్చే ఆవిడ ఏడుపు మానేసింది. స్టాఫ్‌లో ఒక్కరి ఉద్యోగమూ పోలేదు.

అందుకే చెప్తున్నాను. కాలేజీలు కలిసేటప్పుడు మీకు ఏమవుతుందో అని మీరు భయపడతారు, అది సహజం. కాని మీ తరఫున మాట్లాడ్డానికి సంఘాలున్నాయి, రూల్సున్నాయి, మీరే ఉన్నారు. మీ కాలేజీలో ఇవన్నీ తేల్చే మీటింగ్‌కి రాలేనివాళ్ళు ఎవరున్నారో అది చూసుకోండి. పొద్దున వచ్చేవాళ్ళు, సాయంత్రం వచ్చేవాళ్ళు, ఏడాది మధ్యలో మానేసి మళ్ళీ వచ్చేవాళ్ళు ఎవరైనా కావచ్చు. ఎవరైనా కాలేజీ చూడ్డానికి వస్తే ఉన్నది ఉన్నట్టు చూపించండి. మెట్లమీద క్యారియర్లుంటే ఉండనివ్వండి. క్లాసులో పిల్ల నిద్రపోతుంటే, ఆ పిల్లను చూపించి, ఎందుకు నిద్రపోతోందో చెప్పండి.

విమలా మేడం రిటైరయ్యాక ఒకసారి వాళ్ళింటికెళ్ళాను. ఏవేవో మాట్లాడుకున్నాం, పాత కబుర్లు. లేచి వస్తుంటే, "అంత బాగా చూసుకున్న పిల్లలు రూతూ, వాళ్ళను నేనే దాచిపెట్టాను" అంది. మనందరం దాచాం అన్నాను. ఆవిడ ఒప్పుకోలేదు. ఇప్పుడావిడ లేదు. ఆవిడ చేసిన మంచి పనులు నేను ఒక రోజంతా చెప్పగలను, ఎవరైనా వింటానంటే.

మొదటి బస్సు

జూన్‌లో కాలేజీ తెరిచిన రోజు తెల్లవారుజామునే పాత గేటు ముందు బస్సు వచ్చి ఆగింది. కొత్త బస్సు, సీట్లకు ఇంకా ప్లాస్టిక్ కవర్లు తియ్యలేదు. సూర్యారావు గారూ, నేనూ ఎక్కాం. ఆయన వెళ్ళి వెనక్కంటా కూర్చున్నారు. షాపు పని లేని పిల్లలు ఇద్దరు ముగ్గురు ఎక్కారు. కొందరు దూరవిద్యలో చేరతామన్నారు. మిగతావాళ్ళు ఏం చేస్తారో మాకు చెప్పలేదు, చెప్పాల్సిన పనీ లేదు వాళ్ళకు. అయినా కిటికీలోంచి రోడ్డుకేసి చూస్తూనే ఉన్నాను.

మోండా వైపు నుంచి ఎవరో పరిగెత్తుకొస్తున్నారు. స్వరూప. షాపు యూనిఫారంలో ఉంది, జడ కూడా సగమే అల్లుకుంది. డ్రైవర్‌ని ఆగమని చెప్పి తలుపు దగ్గరకు వెళ్ళాను. "రా రా, ఎక్కు" అని చెయ్యి చాపాను.

ఆ పిల్ల మెట్టు మీద కాలు పెట్టలేదు. రొప్పుతూ కిందే నిలబడింది.

"నేను వస్తలేను మేడం. సేటును అడిగిన, లేటుగ వస్తే కొలువుకే రావద్దన్నడు. అమ్మకు సుత పానం మంచిగ లేదు."

"మరి ఇంత పొద్దున్నే పరిగెత్తుకొచ్చావేంటే?"

"మీరు నా కోసం సూస్తరు గద మేడం. నేను వస్తనని బస్సు ఆపుకొని కూసుంటరేమో, వాళ్ళ సార్లు మిమ్ముల ఏమన్న అంటరేమోనని, చెప్పిపోదామని వచ్చిన."

వెనక సీట్లో సూర్యారావు గారు కండువా ముఖానికి అడ్డం పెట్టుకుని దగ్గుతున్నారు. ఏదో ఒకటి చెయ్యొచ్చులే, పరీక్షలకైనా వచ్చి రాయి, నేను ఇంటికొచ్చి పాఠం చెప్తాను అని ఏదేదో అన్నాను. స్వరూప అన్నిటికీ తల ఊపింది. పెద్దవాళ్ళు బాధపడుతుంటే పిల్లలు ఊపినట్టు ఊపింది. తర్వాత పరీక్షలకు ఆ పిల్ల రాలేదు. షాపుకి రెండుసార్లు వెళ్ళాను, రెండోసారి వెళ్ళేసరికి అక్కడ మానేసిందన్నారు.

"పోండ్రి మేడం, మీకు క్లాసుకు లేటైతది" అని ఆ పొద్దున తనే తలుపు దగ్గరికి లాగి వేసింది.

డ్రైవర్ వెనక్కి తిరిగాడు. "పోనియ్యాల్నా మేడం? ఇంకెవరన్న వచ్చేదుందా?"

"ఎవరూ లేరు. పోనీ" అన్నాను.